ఫోన్ పక్కగదిలో పెట్టి పడుకున్న రాత్రి

రాత్రి 2:20కి ఫోన్ మోగింది. ఆన్‌కాల్ వారంలో (రాత్రి సర్వర్లకి ఏమైనా అయితే నేను లేచి చూడాల్సిన వారం) నా ఫోన్‌కి వేరే రింగ్‌టోన్ పెట్టుకుంటాను, లారీ హారన్ లాంటిది. దానికి మా ఆయన లేవడం ఎప్పుడో మానేశారు. మా పాప మాత్రం కళ్లు తెరవకుండానే "అమ్మా, నీ లారీ వచ్చింది" అని అటు తిరిగి పడుకుంటుంది.

ల్యాప్‌టాప్ వంటింట్లోకి తీసుకుపోయి, స్టవ్ పక్కన గట్టు మీద పెట్టుకుని నిలబడి చూడటం నా అలవాటు. కూర్చుంటే కునుకు పట్టేస్తుంది. ఆర్డర్లు కదలడం లేదని అలారం. మామూలుగా అయిదు మిల్లీసెకన్లలో తేలిపోయే చిన్న క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) నాలుగు సెకన్లు తీసుకుంటోంది.

నేను పదమూడేళ్లుగా డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని. సొంతూరు ప్రొద్దుటూరు, ఉండేది బెంగళూరులో, సర్జాపుర రోడ్డు పక్కన. ఉద్యోగం, స్టేజీ మీద మాట్లాడటం, ఒంటిని చూసుకోవడం, ఈ మూడూ ఎలా కుదుర్చుకున్నావక్కా అని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు అడిగారు. కుదుర్చుకున్నానని వాళ్లకి ఎందుకనిపించిందో తెలీదు. అడిగారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ రాత్రితోనే మొదలుపెట్టాలి, మూడూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డది ఆ రాత్రే.

మేం వాడే డేటాబేస్ పేరు పోస్ట్‌గ్రెస్. అది తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇందులో ఒక వరసను మారిస్తే పాతదాన్ని చెరిపి దాని మీద రాయదు. పాతదాన్ని అలాగే ఉంచి, కొత్తది వేరే రాస్తుంది. (ఆఫీసులో 'రో' అంటాం. తెలుగులో బహువచనం చేస్తే రోలు అవుతుంది, పచ్చడి నూరేది గుర్తొస్తుంది. అందుకే వరస అంటున్నాను.) ఆ పాతది చూడాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదని తేలాక వ్యాక్యూమ్ అనే పని వచ్చి ఆ చోటు ఖాళీ చేస్తుంది. ఆటోవ్యాక్యూమ్ మామూలు సెట్టింగుల్లో నిమిషానికోసారి లేచి ఎక్కడ చెత్త పేరుకుందో చూసుకుంటుంది, టేబుల్‌లో ఇరవై శాతం దాటి మారిపోయిందంటే ఊడ్చడం మొదలుపెడుతుంది.

మా జాబ్ క్యూ టేబుల్‌లో (చేయాల్సిన పనులు రాసుండే చోటు) బతికున్న వరసలు మూడు వేలు. ఆ రాత్రి అందులో చచ్చి పడున్నవి కోటీ అరవై లక్షల పైచిలుకు. ఆటోవ్యాక్యూమ్ నడవట్లేదా అంటే, నడుస్తోంది. వచ్చి చూసి, చీపురు చేత్తో పట్టుకునే వెనక్కి వెళ్లిపోతోంది. నేనే వ్యాక్యూమ్ వెర్బోస్ (ఏం చేసిందో వివరంగా చెప్పే వ్యాక్యూమ్) కొట్టి చూశాను. అది ఇచ్చిన జవాబు తెలుగులో చెప్పాలంటే: చచ్చినవే, కానీ ఇంకా తీసెయ్యడానికి వీల్లేదు.

అంటే ఎవరో ఎప్పుడో ఒక ట్రాన్సాక్షన్ (డేటాబేస్‌లో మొదలుపెట్టి ముగించాల్సిన ఒక పని) తెరిచి, ముయ్యకుండా వెళ్లిపోయారు. వాళ్లు మళ్లీ వచ్చి అడిగితే ఆ పాత వరసలు చూపించాలి గనక ఏదీ తీసెయ్యకూడదు. ఎవరా పుణ్యాత్ములు అని, లోపల ఎవరెవరు ఉన్నారో చూపించే పీజీ స్టాట్ యాక్టివిటీ చూశాను. ఎవరూ లేరు, ఉన్నవన్నీ రెండు మూడు నిమిషాల సెషన్లు. ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్ (ముగింపు తర్వాతకి అట్టిపెట్టినది) ఏదైనా వేలాడుతోందా? లేదు. రెప్లికేషన్ స్లాట్లా (నకలు సర్వర్ల కోసం పెట్టే గుర్తులు)? మేం వాడం. మళ్లీ మొదటి చోటికే వచ్చి చూశాను. ఇంట్లో తాళంచెవి పోతే చూసిన డ్రాయర్‌నే నాలుగోసారి లాగి చూస్తామే, అలాగన్నమాట. మూడు దాటింది. రెప్లికా (అసలు సర్వర్‌కి నకలు) సంగతి తట్టడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది.

రిపోర్టుల కోసం ఒక రెప్లికా నడుపుతాం. పెద్ద రిపోర్టులు మధ్యలో రద్దయిపోతున్నాయని గొడవైతే, ఆర్నెల్ల కింద అందులో హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్ చేశాం. అది ఆన్‌లో ఉంటే, రెప్లికాలో ఎవరైనా పాత వరసలు చూస్తున్నప్పుడు "ఇంకా ఊడ్చకు" అని అసలు సర్వర్‌కి కబురు పోతుంది. ఆన్ చేసింది నేనే. రెప్లికాలోకి వెళ్లి చూస్తే ఒకే ఒక్క సెషన్, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ (తెరిచి ఏమీ చేయకుండా ఊరుకున్నది), సాయంత్రం 7:08 నుంచి. యూజర్ పేరు చూశాను.

నాదే.

తొమ్మిది రోజుల్లో నా మొదటి టాక్ ఉంది. కోరమంగళలో ఒక శనివారం మీటప్, అరగంట టాక్. చచ్చిన వరసలు ఎందుకు పేరుకుంటాయన్నదే అంశం. స్లైడ్‌లోకి ఒక స్క్రీన్‌షాట్ కావాలని, రెప్లికానే కదా ఏమవుతుందిలే అని, రిపీటబుల్ రీడ్‌లో (మొదట చూసిందే చివరిదాకా కనిపించే పద్ధతి) ఒక ట్రాన్సాక్షన్ తెరిచాను. ఇంతలో పాప డాన్స్ క్లాసు అయిపోయిందని ఫోన్. లేచి వెళ్లిపోయాను. టీమక్స్‌లో (మనం వెళ్లిపోయినా సర్వర్ మీద సెషన్‌ని బతికించి ఉంచే ప్రోగ్రామ్) తెరిచింది కాబట్టి ల్యాప్‌టాప్ మూసినా సెషన్ చావలేదు. అలా వదిలేసినవాటిని పది నిమిషాల్లో తెంచేసే టైమౌట్ అసలు సర్వర్‌లో పెట్టాం. రెప్లికాలో విడిగా పెట్టాలి, పెట్టలేదు.

సెషన్ చంపి వ్యాక్యూమ్ నడిపితే కాసేపట్లో క్వెరీ మళ్లీ దారిలో పడింది. ఇండెక్సులు (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచికలు) ఉబ్బిపోయి ఉన్నాయి, వాటి పని పొద్దున చూడొచ్చనుకున్నాను. నాలుగైంది. ఫ్రిజ్ తీసి మైసూర్‌పాక్ నాలుగు ముక్కలు నిలబడే తిన్నాను. ఈ మైసూర్‌పాక్ సంగతి మళ్లీ వస్తుంది.

తెల్లారాక రిపోర్టు రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేస్తాం. 'ఒక సెషన్ తెరిచి ఉండిపోయింది' అని రాసి ఆపొచ్చు. అబద్ధం కాదు, ఎవరూ గుచ్చి అడగరు కూడా. అలాగే రాసి, గంటసేపు పంపకుండా చూస్తూ కూర్చున్నాను. తర్వాత 'ఆ సెషన్ నాది, టాక్ కోసం తెరిచాను' అని చేర్చి పంపేశాను. మా మేనేజర్ చదివి అన్న మాట ఒక్కటే: "స్లైడ్లు మార్చెయ్. ఇది చెప్పు."

మాట్లాడటంలోకి ఎలా వచ్చానో చెప్పాలి. పదో తరగతి దాకా నాది మునిసిపల్ స్కూల్లో తెలుగు మీడియం. ఇంగ్లిష్ చదవడం, రాయడం వచ్చు. నోరు తెరవాలంటే మాత్రం ముందు తెలుగులో వాక్యం కట్టుకుని, దాన్ని మార్చుకుని, గ్రామర్ చూసుకునేసరికి మీటింగ్ తర్వాతి పాయింటుకి వెళ్లిపోయేది. ఒక పాత కంపెనీలో నేను మూడు నెలలు కష్టపడి చేసిన మైగ్రేషన్‌ని నా పక్క సీటతను డైరెక్టర్ ముందు చక్కగా వివరించాడు. దొంగతనం ఏం కాదు, నన్నే చెప్పమన్నారు, నేనే "నువ్వు చెప్పు" అన్నాను. అతని స్లైడ్‌లో నా పేరు రెండోది. దానికి అతన్ని తిట్టుకుంటూ ఏడాది గడిపాను.

ఈ ఆఫీసులో చేరాక టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ ఉందని తెలిసి వెళ్లాను. 1924లో అమెరికాలో మొదలైన సంస్థ అది, బెంగళూరు ఆఫీసుల్లో చాలా చోట్ల ఉంది. మొదటి ప్రసంగానికి నాలుగు నుంచి ఆరు నిమిషాలు ఇస్తారు. నాలుగో నిమిషానికి పచ్చ కార్డు, అయిదుకి పసుపు, ఆరుకి ఎరుపు. ఒకరు కూర్చుని మనం ఎన్నిసార్లు 'ఆ', 'అమ్మ్' అని సాగదీశామో లెక్క రాస్తారు. నా మొదటి ప్రసంగంలో 'యాక్చువల్లీ' పద్నాలుగు సార్లు వచ్చిందట. పచ్చ కార్డు పడకముందే చెప్పాల్సింది అయిపోయి, మిగతా సమయం "థ్యాంక్యూ" అని నిలబడ్డాను. రెండేళ్లు వెళ్లాను. అక్కడ నేర్చుకున్నది ఇంగ్లిష్ కాదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య నోరు మూసుకోవడం. ఖాళీగా ఉన్న ఆ అర సెకను మనకే యుగంలా ఉంటుంది, వినేవాళ్లకి ఊపిరి తీసుకోవడానికే సరిపోదు.

టాక్‌కి వారం ముందు అమ్మ వచ్చింది. స్లైడ్లన్నీ కొత్తగా చేస్తున్నాను, తిండి లేదు, నిద్ర లేదు. "ఏం మే, ఏందంత రాస్తాండావు?" అంది. పోస్ట్‌గ్రెస్ గురించి అమ్మకి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. చెప్పడం మొదలుపెట్టాక గాని నాకు ఎంత తెలీదో తెలీలేదు. ఎంవీసీసీ అనలేను, స్నాప్‌షాట్ అనలేను. తడుముకుంటుంటే అమ్మే అంది, "మీ నాయన చిట్టా పుస్తకం మాదిరా?" అని.

మా నాన్నకి బట్టల అంగడి. అరువు చిట్టాలో పాత బాకీ అంకెని ఎప్పుడూ రుద్ది చెరిపేవాడు కాదు. దాని మీద ఒక గీత కొట్టి, కింద కొత్త అంకె వేసేవాడు. రుద్దిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు మరి. ఏడాదికోసారి ఉగాదికి ముందు, కొట్టేసిన లెక్కలు వదిలేసి మిగిలినవి కొత్త పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఒక ఏడు, ఒక ఖాతాదారుడు పాత పేజీ మీద వేలు పెట్టి "ఈ లెక్క తేలేదాకా పుస్తకం మార్చొద్దు" అని పేచీ పెట్టుకున్నాడు. ఆ ఒక్కడి కోసం రెండు నెలలు పాత పుస్తకంలోనే రాశాడు నాన్న, అట్ట ఊడిపోయే దాకా. రిపీటబుల్ రీడ్‌లో తెరిచి వదిలేసిన సెషన్ అంటే అంతకంటే వివరంగా నేను చెప్పలేను. పోస్ట్‌గ్రెస్ 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మొదలైనప్పుడు, మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం అనుకున్నదీ ఇదే, పాత వరసను చెరపొద్దని. వెనక్కి వెళ్లి పాత తేదీనాటి లెక్క చూడగలగాలని వాళ్ల కోరిక. ఆ సదుపాయం తర్వాత తీసేశారు, చెరపకుండా రాసే పద్ధతి మాత్రం ఉండిపోయింది.

శనివారం పొద్దున కోరమంగళలో అరవై మంది దాకా ఉన్నారు. చేతులు చల్లబడ్డాయి, నోరు ఎండింది. ఇద్దరు ముగ్గురు ల్యాప్‌టాప్‌ల్లోంచి తలెత్తలేదు. చిట్టా పుస్తకం కథతో మొదలుపెట్టి, తెల్లవారుజామున వంటింట్లో యూజర్ పేరు చదివిన చోటికి వచ్చి, రాత్రి చూసిన స్క్రీన్‌నే తెర మీద పెట్టి ఆగాను. ఏమీ మాట్లాడలేదు. ముందు రెండో వరసలో ఒకతను నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది. ల్యాప్‌టాప్‌లు మూసుకున్నారు. టాక్ అయ్యాక నా చుట్టూ చేరినవాళ్లలో సగం మంది ప్రశ్నలు అడగలేదు. తాము తెరిచి మర్చిపోయిన సెషన్ల కథలు చెప్పుకున్నారు.

ఆ స్లైడ్లలో ఒకటి గుర్తు పెట్టుకోండి. వ్యాక్యూమ్‌ని ఎవరు ఆపుతున్నారో వెతకడానికి నాలుగు చోట్లు, ఏ క్రమంలో చూడాలో ఒకే పేజీలో పెట్టాను: ఒకటి పీజీ స్టాట్ యాక్టివిటీ, రెండు పీజీ స్టాట్ రెప్లికేషన్, మూడు రెప్లికేషన్ స్లాట్లు, నాలుగు ప్రిపేర్డ్ ట్రాన్సాక్షన్లు. ఆ రాత్రి నాకు నలభై నిమిషాలు పట్టిన వెతుకులాట ఆ పేజీ చేతిలో ఉంటే నాలుగు నిమిషాల పని.

ఇక్కడిదాకా బాగుంది. ఇక్కడ ఆగి ఉంటే ఇంకా బాగుండేది.

ఒకసారి హాలు నవ్విందంటే ఆ రుచి వేరు. తర్వాతి మూడు నెలల్లో ఎవరు పిలిచినా సరేనన్నాను. ఇంకో మీటప్, ఒక ఇంజినీరింగ్ కాలేజీ, ఆఫీసులో రెండు, అమెరికా టైముకి రాత్రి పదకొండింటికి ఒక వెబినార్, చివరగా చెన్నైలో ఒక సభ. అరగంట టాక్ కొత్తగా తయారు చేసుకోవడానికి నాకు పాతిక గంటలు పడుతుంది. లెక్క రాసుకున్నాను కాబట్టి చెప్తున్నాను. ఆ గంటలు ఆఫీసులోంచి రావు. నిద్రలోంచీ, కైకొండ్రహళ్ళి చెరువు చుట్టూ పొద్దున నడిచే నడకలోంచీ, పాప హోంవర్కులోంచీ వచ్చాయి. ఆన్‌కాల్ మామూలుగానే ఉంది. నలుగురం ఉన్నా అందరికీ తెలుసు, గట్టిది ఏదైనా పడితే ఎవరి వారమైనా చివరికి నాకే ఫోన్ వస్తుందని. అప్పట్లో ఇది కష్టంగా ఉండేది కాదు, లోపల్లోపల గర్వంగా ఉండేది. "అక్కా, మీరు లేకపోతే ఏమైపోయేవాళ్లం" అంటే తెల్లవారుజామున కూడా కడుపు నిండేది.

చెన్నై టాక్‌కి ముందురోజు మధ్యాహ్నం గొంతు పోయింది. బొంగురు కాదు, మొత్తానికే పోయింది. శతాబ్ది టికెట్ బ్యాగులో ఉంది. ఈఎన్‌టీ డాక్టరు చూసి గొంతు వాచిందన్నాడు. మూడు రోజులు మాట్లాడకూడదు, గుసగుసలు కూడా వద్దు, దానికీ గొంతు బిగుస్తుంది, నీళ్లు తాగుతూ ఉండండి అన్నాడు. చెన్నై వాళ్లకి మెసేజ్ పెడుతూ చేతులు వణికాయి. ఎంత నష్టం, ఎంత మాట పడాలి అని. అరగంటలో జవాబు వచ్చింది. త్వరగా కోలుకోండి, మీ స్లాట్‌లో ఇంకొకరు మాట్లాడతారు అని. అంతే. మర్యాదగానే ఉంది. ఆ మర్యాదకే ఒళ్లు మండిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ మూడు రోజులు ఇంట్లో పలక మీద రాసి చూపించాను. పాపకి భలే సరదా. నా మీద అరవలేవు కదా అని పలక తుడిచేసేది.

అదే వారంలో, గొంతు సాకుతో, రెండేళ్లుగా వాయిదా వేస్తున్న రక్తపరీక్షలు చేయించాను. బీపీ 144/92. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1. ఈ అంకె 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ ఇంకా రానట్టు, కానీ గుమ్మం దాకా వచ్చినట్టు. నాకు ముప్ఫై తొమ్మిది. మా వీధి చివర క్లినిక్‌లో కన్నడ యాసతో చక్కటి తెలుగు మాట్లాడే ఒక పెద్ద డాక్టరమ్మ ఉంటారు. "రాత్రి ఎన్నిసార్లు లేస్తారమ్మా?" అని అడిగారు. బాత్రూమ్ గురించి అడిగారు పాపం. నేను "వారాన్ని బట్టి మేడమ్, ఆన్‌కాల్ వారమైతే నాలుగైదు" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, అదేంటో చెప్పమన్నారు. చెప్పాను. మైసూర్‌పాక్ కూడా చెప్పాను. నిద్ర చెడితే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదని, పైగా ఆ వేళకి తీపి మీదకే మనసు పోతుందని, మందు కంటే ముందు ఆ ఫోన్ సంగతి చూడమని చెప్పారు. రాగి సంగటి తింటున్నాను కదా మేడమ్ అన్నాను ధైర్యంగా. ఎంత అని అడిగారు. ఇక్కడివాళ్ల ముద్దెలో ఉండేది ఉత్త రాగిపిండే, మా సంగటిలో అన్నం కూడా కలుస్తుంది, పైగా రాగి మంచిదని రెండు ముద్దలు లాగించేదాన్ని. ఆవిడ నవ్వడం తప్ప ఏమీ అనలేదు. ఇప్పుడు ఒకటే, నిమ్మకాయంత కాదు గానీ బత్తాయంత.

మా ఆయన ఒక ధ్యానం యాప్‌కి ఏడాది చందా కట్టారు. మూడు రోజులు విన్నాను. అందులో ఆవిడ "ఇప్పుడు మీ ఆలోచనల్ని గమనించండి" అనగానే డిస్క్ ఎంత నిండిందో గుర్తొచ్చేది. జిమ్ కార్డు, తెల్లవారి అయిదింటికి లేచే పథకం కూడా అయ్యాయి, వాటి గురించి రాయడానికి ఏమీ లేదు.

పనికొచ్చింది చిత్రంగా నా ఉద్యోగంలో రోజూ చేసే పనే. మూడు నెలల పేజర్ లాగ్ (వచ్చిన అలారాల చిట్టా) తీసి క్వెరీ కొట్టాను. నాకు రాత్రిపూట 41 అలారాలు వచ్చాయి. ఒక్కోదాని పక్కన నేనేం చేశానో రాశాను. 29 చోట్ల 'చూశాను, పడుకున్నాను'. అంటే 29 సార్లు ఏమీ చేయనక్కర్లేని దానికి లేచాను. డిస్క్ ఎనభై శాతం దాటితే మోగేదొకటి ఉంది, ఎప్పుడో ఎవరో పెట్టింది. ఎనభై దాటినా ఇంకో మూడు వారాలకి సరిపడా చోటుంటుంది. దాన్ని పొద్దున తొమ్మిదింటికి మెయిల్‌గా మార్చాం. అలాంటివి ఏడు. మా మేనేజర్‌కి ఆ షీటు చూపించి, దాని పక్కన నా రక్తపరీక్ష కాగితం పెట్టాను. రెండో కాగితం చూపించాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆడవాళ్లకి ఓపిక తక్కువ అనే మాట ఎక్కడ వినాల్సి వస్తుందోనని భయం. ఆయన అలా అనలేదు. వేరే చోట అనేవాళ్లు ఉంటారు, అందుకని అందరినీ కాగితం తీసుకెళ్లి చూపించమని నేను చెప్పను.

మిగిలిన 12 అలారాల మీద కూర్చున్నప్పుడే అసలు సంగతి బయటపడింది. అవి నాకే రావడానికి కారణం అవి కష్టమైనవి కావడం కాదు. వాటిని ఎలా విప్పాలో నేను ఎక్కడా రాసిపెట్టలేదు. ఎందుకు రాయలేదంటే టైము లేక అని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. ముక్కూమొహం తెలియని అరవై మందికి పాతిక గంటలు పెట్టి స్లైడ్లు చేసినదాన్ని, నా పక్క టేబుల్ దగ్గర కూర్చునే పిల్లాడికి ఒక్క పేజీ రాసివ్వలేదు.

అప్పటికే స్లైడ్లున్నాయి గదా. ఆ టాక్‌లన్నిట్లో కలిపి అయిదు సమస్యలు, బొమ్మలతో సహా. వాటిల్లోంచి నవ్వుల కోసం పెట్టినవి తీసేసి, ఒక్కోదాన్ని ఒక పేజీ రన్‌బుక్ (ఆ సమస్య వస్తే ఏం చేయాలో అంచెలంచెలుగా రాసిన కాగితం) చేశాను. ఇదేమీ ముందుచూపు కాదు, గొంతు పోయి ఇంట్లో కూర్చున్న వారంలో వేరే పని లేక చేశాను. అప్పటినుంచి ఇది రెండువైపులా నడుస్తోంది. టాక్ చేయాలంటే మా ఆఫీసులో నిజంగా తగిలిన సమస్య మీదే, అది ముందు రన్‌బుక్ అవ్వాలి, మా జూనియర్ దాన్ని చదివి నన్ను అడక్కుండా చేయగలగాలి. ఆ తర్వాతే స్లైడ్లు. పాతిక గంటల్లో పదిహేను ఆఫీసు పనిలోనే కలిసిపోతాయి. రిహార్సల్‌కి ఉపయోగపడే డేటాబేస్ నా ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, అందులో ఉన్నదంతా ఉత్తుత్తి డేటా. రెప్లికా వైపు చూడను.

మూడు నెలలకి ఒక టాక్. టాక్ ఉన్న వారం ఆన్‌కాల్ ఉండదు, ముందే మార్చుకుంటాను. కాదని చెప్పడం మొదట్లో రాలేదు. పెద్ద పెద్ద కారణాలు రాసేదాన్ని, అవతలివాళ్లు ఆ కారణాలకి పరిష్కారాలు చెప్పేవాళ్లు. ఇప్పుడు "ఈ మూడు నెలలకి ఒప్పుకున్నది అయిపోయిందండీ" అని రాస్తాను. దానికి ఎవరూ పరిష్కారం చెప్పలేకపోయారు. ఏటా బెంగళూరులోనే జరిగే పోస్ట్‌గ్రెస్ వాళ్ల సభ పీజీకాన్ఫ్ ఇండియాకి ఈసారి టాక్ పంపకుండా వినడానికి మాత్రమే వెళ్లాను. వెనక వరసలో కూర్చుని నోట్సు రాసుకుంటూ ఉంటే ఎంత సుఖంగా ఉందో.

చెరువు దగ్గరికి వారానికి నాలుగు రోజులు వెళ్తున్నాను. అయిదు అనుకున్నాను, అవ్వట్లేదు. పొద్దున ఆరున్నరకి నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటాయి, ముసలాయనలు కన్నడంలో రాజకీయాలు మాట్లాడుకుంటూ నన్ను దాటి వెళ్లిపోతారు. నా కంటే వేగంగా నడుస్తారు. ఆర్నెల్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 5.8. డాక్టరమ్మ "పరవాలేదు" అన్నారు, మెచ్చుకోలేదు.

ఇక ఫోన్. ఆన్‌కాల్ నాది కాని వారాల్లో కూడా అది దిండు పక్కనే ఉండేది. నా వారం కాదని నాకు తెలుసు, నిద్రకి తెలీదు. రెండున్నరకి మెలకువ వచ్చి, మోగని ఫోన్ తీసి చూసుకుని పడుకునేదాన్ని. పోయిన నెల ఒక రాత్రి దాన్ని తీసుకెళ్లి హాల్లో, టీవీ కింద సొరుగులో పెట్టాను. మా ఆయన వింతగా చూశారు. "ఎవరి వారం?" అన్నారు. మా జూనియర్‌ది, శ్రీకాకుళం అబ్బాయి, చేరి ఏడాదిన్నర. నెలాఖరు రాత్రి కూడాను. రెండున్నరకి మెలకువ రానే వచ్చింది. లేచి హాల్లోకి వెళ్లి సొరుగు దాకా చెయ్యి చాచి, నీళ్లు తాగి వచ్చేశాను. వచ్చాక నిద్ర పట్టిందని చెప్పను, నాలుగు దాకా ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను.

పొద్దున ఆరింటికి తీసి చూశాను. మిస్డ్ కాల్స్ లేవు. 3:05కి టీమ్ గ్రూపులో వాడి మెసేజ్ ఉంది. జాబ్ క్యూ నెమ్మదించింది, రెప్లికాలో నెలాఖరు రిపోర్టు ఒకటి అయిదు గంటలుగా నడుస్తోంది, ఐడిల్ కాదు కాబట్టి టైమౌట్ దాన్ని పట్టుకోలేదు, రిపోర్టు టీమ్ వాళ్లకి చెప్పి ఆపేశాను, వ్యాక్యూమ్ అయింది, అంతా బాగుంది. మొత్తం పదకొండు నిమిషాలు.

దాని కింద నాకు విడిగా ఇంకోటి. "అక్కా, మీ పేజీలో రెండో చోట ఎక్స్‌మిన్ అని రాశారు. అక్కడ ఆ కాలమ్ పేరు బ్యాకెండ్ ఎక్స్‌మిన్ అక్కా. క్వెరీ ఎర్రర్ కొట్టింది. సరిచేశాను."

వెళ్లి స్లైడ్ తీసి చూశాను. అయిదు చోట్ల చూపించిన స్లైడ్. తప్పే.